రెండు హారన్లు

సెంటినరీ కాలనీలో మా క్వార్టర్ ముందు తుప్పుపట్టిన కాంటెస్సా కారు ఒకటి చాలాకాలం పడి ఉంది. ఆ పొడవాటి బానెట్ అంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. దొరికిన సామాను దొరికినట్టు తెచ్చి, డ్యూటీ నుంచి వచ్చాక నేనే బాగుచేసుకున్నాను. అక్కను తీసుకొని వచ్చినప్పుడల్లా బావ వెక్కిరించేవాడు.

"గిది కదుల్తదా బామ్మర్దీ? పాత సామానోనికి ఇచ్చెయ్యరాదు!"

ఒళ్లు మండేది.

మొన్న ఆదివారం మొదటిసారి స్టార్ట్ చేస్తానంటే వాడకట్టంతా కారు ముందు గుమిగూడింది. బావ అయితే ఏకంగా బానెట్‌కు ఆనుకొని నిలబడ్డాడు. తాళం తిప్పాను. ఇంజన్ గర్జించింది. బొగ్గుగనిలో డంపర్ నడిపే చేతులు కదా, అలవాటుకొద్దీ రెండుసార్లు హారన్ కొట్టాను. బండి ముందుకొస్తోంది, తప్పుకోండి అని గనిలో దానర్థం.

అక్కడున్నవాళ్లంతా గనివాళ్లే. ఆలోచించకుండానే చటుక్కున రెండు పక్కలకూ జరిగిపోయారు. అందరికంటే ముందు దూకింది, నాలాగే డంపర్ నడిపే మా బావ.

గేరు వేసి, కిటికీలోంచి తల బయటపెట్టాను.

"కదలదంటివి గద బావా! మరెందుకు దుంకినవ్?"