అంగారకుడి మీద మా నాయన మాట

మా నాయన శాంతిపురం దగ్గర గ్రానైట్ క్వారీలో ముప్పై ఏళ్లు రాళ్లు కొట్టాడు. బండ మీద చెయ్యి పెట్టి లోపల పగులు ఎటు పోతుందో చెప్పగలడు. చెప్పేవాడు కూడా. ఓనరు ఒక్కసారీ చెవిన వేసుకోలేదు. బండ పగిలాక మాత్రం నాయననే తిట్టేవాడు.

దుమ్ము పడదని మదనపల్లె డాక్టరు పని మానిపించాక నాయన ఇంట్లో కూర్చున్నాడు, నోరు మాత్రం కూర్చోలేదు. పుంగనూరులో మా చిన్నమ్మ గృహప్రవేశానికి వెళ్లి, అక్కడ పాలు పొంగుతుంటే వంటగట్టు మీది బండను తడిమి చూసి, "రెండేండ్లకు పగులుతాదమ్మా ఇది" అన్నాడు. ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ గృహప్రవేశానికి పిలవలేదు.

నేను కుప్పంలో సైన్సు టీచర్ని. ఆయన కోసమని చెప్పుకున్నాను గానీ నిజానికి నా పరువు కోసమే, అంగారకుడి మీద తిరిగే రోవరు పంపే ఫొటోలు ఆయన ఫోన్లో పెట్టిచ్చాను. అక్కడ ఎటు చూసినా రాళ్లే, నొచ్చుకునే చుట్టాలు లేరు.

"ఇది పలకలు పలకలుగా లేస్తాది. ఎవురు కొంటారు దీన్ని?" అన్నాడు మొదటిరోజే.

"ఎవరూ కొనరు నాయనా. అక్కడ మ్యాపు గీస్తున్నారు."

"కొననోళ్లు అంత దూరం యాల పోయినారు?"

ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నేను, ఫోన్లో తర్వాతి ఫొటో తీసి చూపించాను.

ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి ఫోను పట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. రోవరుకు ఎదురుగా మొనదేలిన రాయి ఉంది. "సూడమ్మా, దాని మీద ఎక్కిస్తే చక్రం సిరిగిపోతాది. ఎడంపక్క సుట్టుకొని పొమ్మని వాళ్లకు రాసి పంపు," అన్నాడు. ఆయన చెబుతుంటే కాగితం మీద రాసుకుని, పంపిస్తానని తలూపి, పిల్లల నోట్సుల మధ్య దోపేశాను. అంతటి శాస్త్రవేత్తలకు ఇదేం ఉత్తరమని సిగ్గేసింది.

"జవాబు వచ్చినాదా?" అని రోజూ అడిగేవాడు. పనిలో ఉండుంటారులే అనేదాన్ని.

వారానికి కొత్త ఫొటో వచ్చింది. చక్రాల జాడ ఆ రాయి దాకా వచ్చి, ఎడమవైపు తిరిగి, చుట్టుకుని పోయింది. నాయన ఆ జాడ మీద వేలు పెట్టి చివరిదాకా పోనిచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని టీ అంగడికి వెళ్లి, ఫోను అందరి చేతికీ ఇచ్చి చూపించాడు. తిరిగొచ్చేసరికి కళ్లు చెమ్మగా ఉన్నాయి.

"ముప్పై ఏండ్లు ఈడ ఒక్కడూ ఇనలేదు. ఆడ ఇన్నారు సూడు," అన్నాడు. "థ్యాంక్స్ చెప్తా ఇంకో ఉత్తరం పంపమ్మా. లేకుంటే మర్యాద గాదు."

ఓనరు చేసిన పనే నేనూ చేశానని అప్పుడు తెలిసి తల కొట్టేసినట్టయింది. ఈసారి వెంటనే కూర్చుని, మా నాయన మాట విన్నందుకు ధన్యవాదాలని ఇంగ్లీషులో రాసి నిజంగానే పంపాను.

ఏ మాట అని వాళ్లు తిరిగి అడుగుతారేమోనని ఇప్పుడు నేనే రోజూ మెయిలు తెరిచి చూస్తున్నాను. అడిగితే పంపడానికి ఆ మొదటి కాగితం తీసి దగ్గర పెట్టుకున్నాను.