గాలి ఆగిన ఓడ

నాన్నను వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు విజయవాడ తీసుకెళ్ళేదాన్ని. ఆయన మంచం పక్కన నాలుగు గంటలు కూర్చోవాలి. నా అనువాదం పని అక్కడే సాగేది. అప్పుడు చేతిలో ఉన్నది తెరచాపల కాలంనాటి ఒక యుద్ధనౌక కథ. దాన్ని నాలుగు శత్రు ఓడలు తరుముతుండగా గాలి పూర్తిగా ఆగిపోయింది. నావికులు లంగరును చిన్న పడవలో ముందుకు తీసుకెళ్ళి నీళ్ళలో వదిలేవారు. ఓడ మీదివాళ్ళు దాని తాడు లాగితే ఓడ అక్కడిదాకా కదిలేది. మళ్ళీ లంగరు ఎత్తడం, మళ్ళీ ముందుకు పోవడం. రెండు పగళ్ళు, రెండు రాత్రులు అదే పని.

ఆ పేరా నాకు ఎంతకీ కుదరలేదు. నాన్న వయసులో ఉన్నప్పుడు బందరు కాలువలో సరుకు పడవలు లాగినవారు. గట్టు వెంట, భుజాన తాడు వేసుకుని. అందుకని ఆయనకే చదివి వినిపించాను.

"చేతుల్తో లాగారని రాశావేంటమ్మా?" అన్నారు కళ్ళు తెరవకుండానే. "చేతుల్తో ఎంతసేపు లాగుతారు? ఒంటి బరువంతా తాడు మీదేసి నడవాలి."

దిద్దాను. ఆయనే మళ్ళీ అడిగారు.

"మరి వెనకాలోళ్ళకీ గాలి లేదుగా?"

"లేదు నాన్నా. వీళ్ళని చూసి వాళ్ళూ అట్లానే లాగారు."

"అయితే వాళ్ళ భుజాలూ పోయుంటాయి."

మూడు నెలలుగా ఆ పుస్తకంతోనే ఉన్నాను. తరిమేవాళ్ళ భుజాల సంగతి ఒక్కసారీ తట్టలేదు. తెల్లవారుజామునే లేచి వంట చేసి, రెండు బస్సులు మారి వచ్చిన ఒళ్ళు. అక్షరాలు అలుక్కుపోతుంటే పుస్తకం మూసేశాను.

చివరి పేజీలు ఆ పై వారం చదివాను. మూడో రోజు ఉదయం వాన, దాని వెనకే గాలి వచ్చాయి. ఓడ తప్పించుకుంది.

"అప్పుడన్నా పడుకోనిచ్చారా వాళ్ళని?"

"లేదు. డెక్కు కడగమన్నారు."

నాన్న నవ్వబోతే దగ్గొచ్చింది. "కడిగిస్తారు. మమ్మల్నీ అంతే, సరుకు దింపిందాకా కూర్చోనిచ్చేవోళ్ళు కాదు."

నర్సు వచ్చి సూదులు తీసి, పది నిమిషాలు దూది అదిమి పట్టుకోమంది. పట్టుకున్నాను. నాన్న రెండో చెయ్యి తెచ్చి నా వేళ్ళు పక్కకు జరిపారు.

"నేను పట్టుకుంటాలే. నువ్వు కాసేపు కళ్ళు మూసుకో."

మూసుకున్నాను.