మాస్టారు చెప్పని పేరు

మాస్టారు పోయారు. టెక్కలి నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, ఆ ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. అప్పుడు నేను కాశీబుగ్గలో మా ఇంటి గుమ్మంలో నిలబడి బడికి వెళ్ళడానికి చెప్పులు తొడుక్కుంటున్నాను. వీధిలో జీడిపిక్కలు కాల్చిన వాసన రోజూలాగే ఉంది. చెప్పులు విడిచి మళ్ళీ లోపలికి వచ్చి కూర్చున్నాను. అప్పుడు నాకు గుర్తొచ్చింది ఆయన చెప్పిన ఒక అబద్ధం. మా తమ్ముడి గురించి, "ఆడికి ఎడమకాలు లేదు," అన్నది. అది అబద్ధమని ఆయనకు తెలుసు, నాకు తెలుసు, అమ్మకు తెలుసు. తమ్ముడికి మాత్రం చాలా ఏళ్ళు తెలియదు. ఇన్నాళ్ళకు ఇప్పుడు ఆ అబద్ధం గురించే రాద్దామని కూర్చున్నాను. మంచి మనిషి, గొప్ప గురువు అని అందరూ సంతాపసభలో చెప్పేశారు కాబట్టి ఆ మాటలు నేను మళ్ళీ చెప్పను.

కవిటి దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆయన డ్రిల్లు మాస్టారు. పుట్టింది టెక్కలిలో. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నారు, ఫుట్‌బాల్ అక్కడే పట్టుబడింది. మా ఊళ్ళకు వచ్చేసరికి ఇక్కడ అందరిదీ క్రికెట్ పిచ్చి. కొబ్బరితోటల మధ్య కాస్త ఖాళీ చోటు చూసి, తాటిదుంగలు పాతించి, పాత చేపలవల కట్టించి గోల్ అన్నారు. జనం నవ్వారు. ఏడాది తిరిగేసరికి నవ్వినవాళ్ళ పిల్లలే అందులో ఆడుతున్నారు. ఈల మెళ్ళో వేసుకునేవారు కాదు, జేబురుమాలులో చుట్టి చొక్కా జేబులో పెట్టుకునేవారు. ఆట మధ్యలో విరామం ఇచ్చినప్పుడు లేతకొబ్బరి ముక్కలు తనే కోసి పిల్లల చేతుల్లో పెట్టేవారు. మ్యాచ్‌కి ముందు ప్రార్థన చేసేటప్పుడు కళ్ళు తెరిచే ఉంచేవారు. ఎందుకలా అని అడిగితే, "కళ్ళు మూసుకుంటే ఎవుడు బూట్లు కట్టుకోలేదో నాకెలా తెలుత్తాది?" అన్నారు.

ఏటా వానలు తగ్గాక చుట్టుపక్కల ఊళ్ళ జట్లకు పోటీలు మొదలయ్యేవి. సీజన్ మొదటి మ్యాచ్‌కి మాస్టారిది ఒక అలవాటు. గీతలన్నీ సున్నంతో వేయించి, మైకు పుచ్చుకుని మైదానం మధ్యలో నిలబడి, ఈ ఏడు ఎవరి ఆట చూడాలో చెప్పేవారు. "బంతిని అందరూ సూత్తారు. మీరు మనిషిని సూడండి," అని మొదలుపెట్టి పేర్లు చెప్పేవారు. ఇతను గోలీ, గోల్ కాసేవాడు, బంతి రాకముందే అడుగు వేస్తాడు, ఆ అడుగు చూడండి. ఇతను బారువ నుంచి వచ్చాడు, ఇసకలో పరిగెత్తినవాడు, ఇతనికి గట్టినేల లెక్కలేదు, చూడండి. ఆయన చెప్పాక చూస్తే నిజంగానే ఆట వేరేగా కనిపించేది. పేరు పలికించుకున్నవాడు ఆ సాయంత్రం ఊళ్ళో పెళ్ళికొడుకులా తిరిగేవాడు. వాడి పేరు చెబితే కిళ్ళీకొట్టులో సోడా ఊరికే ఇచ్చేవారు.

ఆ గోలీకి మరుసటి ఏడు కాళ్ళు పొంగాయి. మొహం ఉబ్బింది. విశాఖపట్నం తీసుకెళితే కిడ్నీలు పోయాయన్నారు. తర్వాతి సీజన్‌కి అతను లేడు. బారువ అతను ఇంకొంత కాలం ఉన్నాడు, అంతే. ఆ మీదట పేరు పలికిన ఇంకొకతను కూడా అదే జబ్బుతో పోయాడు.

మా ఉద్దానం ఊళ్ళలో ఈ కిడ్నీ జబ్బు సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు. అప్పట్లో తెలియదు. నీళ్ళన్నారు, పొలాల్లో కొట్టే మందులన్నారు, ఎండన్నారు. గొంతు తగ్గించి మరొకటి కూడా అన్నారు. మాస్టారి నోట పేరు పడితే దిష్టి కొడుతుందని. ఊరంతా ఒకేసారి ఒకే మనిషిని చూస్తే తగలకుండా ఎలా ఉంటుందని. ఆ ఏళ్ళలోనే అదే జబ్బుతో జీడితోటల్లో, పడవల మీద పనిచేసేవాళ్ళు, కొబ్బరిచెట్లెక్కేవాళ్ళు ఇంకెంతమంది పోయారో ఎవరూ కలిపి చూడలేదు. వాళ్ళ పేర్లు మైకులో వినబడలేదు కాబట్టి వాళ్ళ చావు మామూలు చావైపోయింది. ఈ మాటలు అన్నవాళ్ళమీద నాకు ఇప్పటికీ కోపమే. మొన్న సంతాపసభలో ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నవాళ్ళలో కొందరు వాళ్ళే.

ఈ మాటలు నడుస్తున్న ఏడే తమ్ముడు జట్టులోకి వచ్చాడు. వాడి ఎడమకాలి గురించి ఏం చెప్పమంటారు? నాకు ఫుట్‌బాల్ పెద్దగా తెలియదు, జట్టు చొక్కాలకు నెంబర్లు కుట్టేదాన్ని, అంతే. అయినా వాడి ఎడమకాలికి బంతి తగిలినప్పుడు వచ్చే చప్పుడు వేరు. చొక్కాలు కుడుతూ తలెత్తకుండానే అది వాడేనని చెప్పగలిగేదాన్ని. ఈ సీజన్ మైకులో వినబడేది వీడి పేరేనని ఊరంతా అనేసుకుంది. వాడూ అనుకున్నాడు. బూట్లకు కొబ్బరినూనె రాసి మంచం కింద పెట్టుకున్నాడు.

మొదటి మ్యాచ్ ముందటి ఆదివారం అమ్మ నన్ను వెంటబెట్టుకుని మాస్టారింటికి వెళ్ళింది. ఆయన అప్పుడే చర్చి నుంచి వచ్చి, వరండాలో బైబిలు పక్కన పెట్టి టీ తాగుతున్నారు. అమ్మ కూర్చోలేదు. స్తంభం పట్టుకుని నిలబడి, "మా గుంటడి పేరు సెప్పకండి బాబూ," అంది.

"సరేనమ్మా, సెప్పను."

"అది సాలదు. ఊరంతా ఆడి పేరే అనుకుంతన్నారు. ఆడు పనికిరాడని సెప్పండి. ఆడికి ఆట రాదని మైకులో సెప్పండి."

మాస్టారు గ్లాసు కింద పెట్టారు. "చర్చి నుంచి ఇప్పుడే వత్తన్నాను. అబద్ధం ఆడమంటావేటమ్మా?"

"మీ దేవుడికి నాను సెప్పుకుంతాను," అంది అమ్మ. "నాకు ఇంకో కొడుకు లేడు."

ఆయన బైబిలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. చివరికి నావైపు చూసి, "ఆడి సొక్కాకి నెంబరు కుట్టకమ్మా," అన్నారు. "అదెవుడని ఎవులైనా అడిగితే సెప్పడానికి ఏటీ ఉండకూడదు." ఇంటికి వచ్చే దారిలో అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. తమ్ముడికి ఈ సంగతి చెబితే చేసిందంతా వట్టిదైపోతుందని అమ్మ నమ్మకం.

మ్యాచ్‌రోజు మాస్టారు అన్నమాట నిలబెట్టుకున్నారు. ఎవరిని చూడాలో ఈ ఏడు చెప్పనన్నారు. జనంలోంచి ఎవరో తమ్ముడి పేరు అరిచారు. "ఆడా?" అన్నారు మాస్టారు మైకులో. "ఆడికి ఎడమకాలు లేదు. ఉన్నాదనుకుంతన్నాడు పాపం." జనం విరగబడి నవ్వారు. నెంబరు లేని చొక్కాతో తమ్ముడు మూలన నిలబడి ఉన్నాడు. వాడు ఆ రోజు ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ఇంటికొచ్చి బూట్లు విప్పి, ఎడమకాలు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆ తర్వాత ప్రతి సీజన్‌లోనూ మాస్టారు ఆ మాట అన్నారు. వాడు గోల్ కొడితే గాలి వల్ల పోయిందన్నారు. పొద్దున్న మాత్రం బారువ తీరంలో ఇసకలో వాడొక్కడినే పరిగెత్తించేవారు, ఎడమకాలితోనే కొట్టించేవారు. వాడికి అది శిక్షలా ఉండేది. పనికిరానివాడికి పని చెబుతున్నారనుకునేవాడు. ఒకసారి నేను ఉండబట్టలేక, "మీరు కూడా దిష్టి నమ్ముతారా మాస్టారూ?" అని అడిగాను.

"నమ్మనమ్మా. దేవుడి వాక్యం సదువుకున్నోడిని, ఎలా నమ్ముతాను?" అన్నారు. ఈల జేబురుమాలులో చుట్టుకుంటూ, "మరి మైకు పట్టుకుంటే నోరెందుకు ఎండిపోతాదో తెలీదు. ఆ ముగ్గురూ గీత అవతల నిలబడి, మా పేరెందుకు సెప్పావని అడుగుతున్నట్టే ఉంటాది," అన్నారు.

కలకత్తా నుంచి ఒక క్లబ్బువాళ్ళు వచ్చి తమ్ముడిని చూసి తీసుకెళ్ళారు. వాళ్ళకు ఉత్తరం రాసి రప్పించింది ఎవరో నేను వేరే చెప్పక్కర్లేదు. పలాస స్టేషన్‌లో హౌరా బండి ఎక్కేటప్పుడు వాడు మాస్టారి కాళ్ళకు దణ్ణం పెట్టి, ఏదో ఒక మాట కోసం చూశాడు. "బండి ఎక్కు, కదిలిపోతాది," అన్నారాయన. అంతే.

వాడు మొదటిసారి పెద్ద జట్టులో ఆడిన సీజన్, ఆ మొదటి మ్యాచ్ టీవీలో వచ్చింది. మా వీధి అంతా మాస్టారి ఇంట్లో చేరింది. అమ్మ తలుపు దగ్గర కూర్చుంది. ఆట మొదలయ్యే ముందు టీవీలో ఒక్కొక్క ఆటగాడి బొమ్మ చూపిస్తున్నారు, ఈ సీజన్‌లో చూడాల్సినవాళ్ళు వీళ్ళేనని. హఠాత్తుగా తెర నిండా తమ్ముడి మొహం. ఇంగ్లీషులో చెబుతున్నాయన వాడి పేరు పలికాడు, మళ్ళీ పలికాడు. దేశం మొత్తానికి వినబడేలా పలికాడు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. అమ్మ "ఓలమ్మా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మాస్టారు లేచి వెళ్ళి టీవీ సౌండు పూర్తిగా తీసేశారు.

ఆ మ్యాచ్ మొత్తం మేం అలాగే చూశాం. అంతమంది జనం నోళ్ళు తెరిచి అరుస్తున్నారు, ఏమీ వినబడదు. తమ్ముడు పరిగెత్తుతున్నాడు, పడుతున్నాడు, లేస్తున్నాడు, వినబడదు. వాడు ఎడమకాలితో గోల్ కొట్టినప్పుడు, నాకు అంత బాగా తెలిసిన ఆ చప్పుడు, అదీ వినబడలేదు. పోయినవాళ్ళ ఆట చూస్తున్నట్టు అనిపించింది. వాడు మర్నాడు ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసి, "మాస్టారు ఏటన్నారప్పా?" అని అడిగాడు. అక్కని మా వైపు అప్పా అంటాం. గాలి వల్ల పోయిందన్నారని చెప్పాను. "గాలి లేదప్పా నిన్న," అన్నాడు వాడు.

వాడు చాలా సీజన్లు ఆడాడు. ఇప్పుడు ఆట మానేసి ఆ క్లబ్బులోనే పిల్లలకు నేర్పుతున్నాడు. ఏటా రక్తపరీక్ష చేయించుకుంటాడు, బాగున్నానని ఫోన్ చేసేదాకా అమ్మ అన్నం ముట్టదు. ఇప్పటిదాకా బాగానే ఉన్నాడు. మా ఇంట్లో ఎవరికీ అంతు చిక్కనిది ఇదే. వాడికి జబ్బు వచ్చి ఉంటే ఆ అబద్ధంలో ఏమీ లేదని తేలిపోయేది. వాడు బాగున్నాడు. ఇక ఏమని అనుకోవాలి?

జబ్బు మాస్టారికి వచ్చింది. రిటైరయ్యాక టెక్కలిలో కూతురి దగ్గరే ఉన్నారు. డయాలసిస్‌కి తిరిగి తిరిగి సగమైపోయారు. ఇక రోజుల్లోకి వచ్చిందని తెలిసి తమ్ముడికి కబురు చేశాను. పలాసలో బండి దిగాడు. టెక్కలి బస్సులో కూర్చున్నాక ఒట్టు తీసి గట్టున పెట్టి అంతా చెప్పేశాను. వాడు కిటికీలోంచి బయటకు చూస్తూ విన్నాడు. దిగే ముందు ఒక్కటే అడిగాడు. "ఎడమకాలు బాగుండేదా అప్పా, నాకు?"

"ఆయన అంత బాగా ఎవరి ఆటా చూడలేదురా," అన్నాను.

మాస్టారు మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నారు. కాళ్ళు దుప్పట్లోంచి బయటకు వచ్చి ఉన్నాయి, పొంగి నున్నగా మెరుస్తున్నాయి. తమ్ముడు మంచం కోడు దగ్గర కూర్చుని వాటిని ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆ చేతులు ఎవరివో ఆయనకు తెలిసింది. మెల్లగా ఇటు తిరిగారు. వాడి మొహం చూశారు, తర్వాత గుమ్మం వైపు చూశారు. అక్కడ చూడడానికి వచ్చిన వాళ్ళెవరో ఇద్దరు నిలబడి ఉన్నారు.

"ఏరా," అన్నారు వాళ్ళకు వినబడేలా, ఓపిక కూడదీసుకుని. "ఎడమకాలు వచ్చిందేటి?"

"లేదు మాస్టారూ," అన్నాడు తమ్ముడు. "ఇంకా రాలేదు."

"రాదు. ఆశ పెట్టుకోకు."

అలా అంటూనే వాడి చెయ్యి పట్టుకున్నారు. మేం లేచేదాకా వదల్లేదు.

టెక్కలిలో ఆయన్ని పాతిపెట్టి వచ్చిన వారానికే కొత్త సీజన్ మొదటి మ్యాచ్ వచ్చింది. తమ్ముడు ఇంకా కలకత్తా వెళ్ళలేదు. ఊళ్ళో మా ఇంట్లోనే చూశాం. తెరమీద ఎవరెవరో కొత్త కుర్రాళ్ళ మొహాలు వస్తున్నాయి, వీళ్ళని చూడండి అంటూ. ఏ తల్లి కొడుకులో వాళ్ళు. అమ్మ లేచి సౌండు తీసేసింది. తమ్ముడు నులకమంచం మీద కాళ్ళు చాపుకుని పడుకుని చూస్తున్నాడు. తెరమీద బంతి ఎటు పోతే అటు వాడి ఎడమ పాదం వాడికి తెలియకుండానే చిన్నగా కదులుతోంది. వీధి తలుపు తెరిచే ఉంది, దారిన పోయేవాళ్ళకు మంచం కనిపిస్తుంది. అమ్మ అది గమనించి, మంచం దగ్గరికి వచ్చి, దుప్పటి కొస లాగి ఆ పాదం మీద కప్పింది.