వెల్డు పక్కన ఎర్ర గీత

నలభై ఏళ్లు దాటింది, ఒక మాట నా గొంతుకు అడ్డంపడి ఉంది. మా ఆవిడకు చెప్పలేదు. గుళ్లో దేవుడికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

డెబ్బైల చివర అమెరికాలో ఎడిసన్ అనే ఊరి దగ్గర ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేసేవాణ్ణి. ఏడాదంతా యూరప్‌లో పందేలాడే ఒంటి సీటు రేసుకార్లు సీజన్ ఆఖరికి అమెరికా వచ్చేవి. ఆ ఏడు ఒక జట్టు తన కారు భాగాలను రిపేరుకు మా దగ్గరికి పంపింది. నాతోపాటు పనిచేసే మరో తెలుగువాడు సుబ్బారావు వెల్డింగు చేసేవాడు. నేను పగుళ్లు వెతికేవాణ్ణి. ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లితే పగులున్న చోట ఎర్రగా గీత తేలుతుంది.

ఆ రోజు దసరా. ఎక్కడున్నా ఆయుధపూజ మానతామా? పొద్దున్నే ఇద్దరం మెషిన్లకూ, బల్లమీది భాగాలకూ కుంకుమ బొట్లు పెట్టాం. ఓనర్ నవ్వి ఊరుకున్నాడు. మధ్యాహ్నం, ముందు చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ మీద పొడి చల్లాను. వెల్డు పక్కన వెంట్రుకంత ఎర్ర గీత. బయట జట్టు ట్రక్కు ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది. పొద్దుటి కుంకుమే అయ్యుంటుందిలే అనుకున్నాను. మళ్లీ పరీక్ష చేస్తే గంట ఆలస్యం, మా కుంకుమ వల్లే ఆలస్యమైందని తెలిస్తే నవ్వులపాలు, నా గ్రీన్ కార్డు కాగితాలేమో ఓనర్ చేతిలో ఉన్నాయి. గుడ్డతో తుడిచేసి సంతకం పెట్టాను.

పందెంలో ఆ కడ్డీ విరిగింది. టైటిల్‌కు చేరువలో ఉన్న ఇరవై మూడేళ్ల డ్రైవరుకు రెండు కాళ్లూ నుజ్జయ్యాయి. మళ్లీ కారెక్కలేదు.

నా కాగితంలో పగులు లేదని ఉంది. కాబట్టి పరీక్ష అయ్యాక సుబ్బారావే దాన్ని మళ్లీ వేడిచేసి పాడుచేశాడన్నాడు ఓనర్. సోమవారం సుబ్బారావు నా దగ్గరికొచ్చాడు.

"గురూ, చెక్ చేసినప్పుడు ఏమన్నా కనపడిందా?"

"లేదు. క్లీన్‌గా ఉంది."

"తర్వాత నేను టచ్ చెయ్యలేదని ఓనర్‌తో ఒక్క మాట చెప్పవా? నన్ను నమ్మట్లా."

"నేను లంచ్‌కి పోయాగా. చూళ్లేదు."

లంచ్‌కి పోనే లేదు. ట్రక్కు ఎక్కేదాకా ఆ కడ్డీ నా చేతుల్లోనే ఉంది. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. వారంలో అతని ఉద్యోగం పోయింది. వీసా పోయింది. నెల తిరక్కుండా భార్యను తీసుకుని ఇండియా వెళ్లిపోయాడు. వెళ్లేముందు తన చలికోటు నాకిచ్చాడు.

కంగారులో పొరబడ్డానని ఇన్నేళ్లూ నాకు నేనే నచ్చజెప్పుకుంటూ, ఎవరైనా అలాగే పొరబడేవారని, డ్రైవర్లకు ప్రమాదాలు మామూలేనని అనుకుంటూ నెట్టుకొచ్చాను. నిజంగా పొరబడ్డానా? రంగు పూసేముందు ప్రతి భాగాన్నీ థిన్నర్‌తో కడుగుతాం. ఆ కడ్డీని కడిగింది నేనే. కుంకుమ మిగిలే వీలే లేదు.

అది పగులని నాకు అప్పుడే తెలుసు. తెలిసే సంతకం పెట్టాను. పరీక్ష అయ్యాక సుబ్బారావు దాన్ని ముట్టనే లేదు.

రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకన్నా మారిందేమీ లేదు.