వానకు జోడు మాట

నా చిన్నప్పుడు నాకు బడి లేదు. చేను ఉండేది, మేకలుండేవి. పలక పట్టింది యాభై దాటాకే. ఇంగ్లీషు మాత్రం పదేళ్లకే నా చెవిన పడింది, ఒక వాన పూట.

పక్కింటి అక్క చేవెళ్ల బడికి నడిచి వెళ్లేది. ఆ సాయంత్రం వాళ్ల రేకుల కొట్టంలో ఇద్దరం టమాటాలు ఏరుతున్నాం. మరునాడు అక్క సారు ముందు ఒక ఇంగ్లీషు పద్యం తప్పు లేకుండా చెప్పాలి. చెబితే మొయినాబాద్‌లో పోటీకి పంపుతారు. అక్క అప్పటిదాకా బస్సెక్కలేదు. వారం రోజులుగా ఆ బస్సే కలలోకి వస్తోందట.

పద్యం వాన మీద. 'పిట్టర్ ప్యాటర్' అని అక్క చదువుతుంటే పైన రేకు మీద వానా అదే మాట అంటోంది. 'సాఫ్ట్, సిల్వర్, సాంగ్' అన్నప్పుడు మూడు మాటలూ ఒకే సవ్వడితో మొదలై, పళ్ల సందు నుంచి గాలిలా జారిపోయాయి. అర్థం నాకు తెలియదు, తెలియాలనీ అనిపించలేదు. కొట్టమే నీళ్ల మీద మెల్లగా తేలిపోతున్నట్టుంది.

అంతలో రేకు కారి నోటుబుక్కు తడిసింది. చివరి మాట సిరా అలుక్కుపోయింది.

"పాయె! ఇప్పుడెట్లనే?" అంది అక్క, కళ్ల నిండా నీళ్లతో.

"దానికి ముందు లైను ఎట్ల ఆగిందక్కా?"

"రెయిన్ అని."

"అయితే ఇది గూడ గట్లనే ఆగాలె గద. రెయిన్... ట్రెయిన్!"

శంకర్‌పల్లి స్టేషనులో మూటలు మోసే మా మేనమామ నోట విన్న మాట అది. నాకు వచ్చిన ఇంగ్లీషంతా అదొక్కటే.

"నీ పాడుగాను, బడికి పోకుంటనే సారువైతివి గదనే!" అని అక్క నా జుట్టు చెదరగొట్టింది.

మరునాడు ఎదురెళ్లి అడిగాను. "నీ మాటనే కరెక్టు" అంది. పోటీకి మాత్రం వేరే పిల్ల వెళ్లింది. ఎందుకని అడిగితే, "నా గొంతు మంచిగ లేకుండె" అంది. నమ్మేశాను.

ఆ గర్వం ఏళ్ల తరబడి నాతోనే ఉంది. ఊళ్లో పెద్దలకు బడి పెట్టినప్పుడు, ముసలిదానికి చదువెందుకని నవ్వినవాళ్లను దాటుకుని వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను.

మొన్న మా మనవరాలు ప్రాస మాటలు చదువుతూ "రెయిన్, గ్రెయిన్" అంది. గ్రెయిన్ అంటే ఏమిటని అడిగాను. "గింజలు, నానమ్మా" అంది. నా చేతిలో పని ఆగిపోయింది. వాన గింజ కోసం గాక రైలు కోసం పడుతుందా? గింజల మధ్య పెరిగిన మా ఇద్దరికీ ఆ రోజు గింజ సంగతే తట్టలేదు.

వెంటనే అక్కకు ఫోన్ చేశాను. పకపకా నవ్వింది.

"అవునే, గ్రెయినే. నీ ట్రెయిన్ చెప్తే క్లాసంత నవ్విండ్రు."

"మరి అప్పుడే చెప్పకపోతివి?"

"చెప్తే నువ్వు పలక పడుదువా?"

నా మాట వల్ల అక్కకు బస్సు తప్పింది. ఆ సంగతి ఇన్నేళ్లూ తనలోనే దాచుకుంది. నేను నోటి దురుసు మనిషిని, ఎవరికైనా తప్పును తప్పనే చెబుతాను. కానీ చదువుకునే పిల్ల ఒక మాట తప్పు పలికితే మాత్రం ఆగి వింటాను. చప్పుడు కలిస్తే ముందు ఆ సంగతే చెబుతాను. అర్థం ఆ తర్వాత మెల్లగా చెప్పుకోవచ్చు.