మా గల్లీ తలుపుల మీద నీలి సుద్ద

మా మొఘల్‌పురా గల్లీ పిల్లలకు ఇంగ్లీషు నేర్పిన టీచరమ్మ పోయిన గురువారం కన్నుమూశారు. అదే పొద్దున నా బిడ్డకు బడిపంతులమ్మగా ఉద్యోగం వచ్చినట్టు కాగితం అందింది. కుట్టుమిషన్ తొక్కి బతికే నా ఇంట్లో ఒక టీచరు! ఈ వయసులో ఇంత సంతోషమా అని, కోవా డబ్బా పట్టుకుని ఆమె ఇంటికి పరుగెత్తాను. వాకిట్లో చెప్పులు గుంపుగా ఉన్నాయి. డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.

అయిదో తరగతితో బడి మానినవాణ్ణి. ఆ తల్లి గురించి రాయడం నాకెక్కడ వస్తుంది? అయినా రాయాలి. పదేళ్లుగా ఒక మాట నాలోనే ఉండిపోయింది.

అప్పుడు బిడ్డ ఏడో తరగతి. ఇంగ్లీషు డిక్టేషన్‌లో అన్నీ సున్నాలే. "ఈసారి తప్పితే బడి బంద్. కూసొని కాజాలు కుట్టు" అని నేనే అన్నాను. మన తెలుగులో ‘ఈ’కి ఒకటే అక్షరం. ఇంగ్లీషులో అదే ధ్వనికి ఎన్ని రాతలో! టీచరమ్మ నా దుకాణానికి వచ్చి, బట్ట మీద గీతలు గీసే నీలి సుద్ద ముక్క అడిగి తీసుకున్నారు. చాయ్ హోటల్ తలుపు మీద ‘టీ’లోని ఈ-ఏ, తాళాలు బాగుచేసే భాయ్ తలుపు మీద ‘కీ’లోని ఈ-వై, పాలవాళ్ల తలుపు మీద బర్రెల ‘ఫీడ్’లోని రెండు ఈలు, నా తలుపు మీద ‘కట్‌పీస్’లోని ఐ-ఈ రాశారు. ఆమె ఒక మాట పలికితే పిల్లలు ఆ మాటలోని రాత ఉన్న తలుపు దగ్గరికి ఉరకాలి.

"ధ్వని ఒక్కటే బిడ్డా, ఉండే ఇండ్లే వేరు" అనేవారు. నా బిడ్డ భయంతో పలక దాచుకుంటే, "తప్పు రాస్తే దిద్దుత. దాచుకుంటే ఏం దిద్దాలె?" అని నవ్వేవారు.

అంతలో బస్తీలో మతం గొడవలు మొదలయ్యాయి. పిల్లల ఆటను ఎన్నడూ పట్టించుకోని గల్లీ, తలుపుల మీది గీతలు చూసి వణికిపోయింది. తాళాల భాయ్ నా దుకాణం ముందుకొచ్చి అరిచాడు.

"మాస్టర్, దర్వాజల మీద గీ నిషాన్‌లేంది? ఎవరిండ్లు కాలవెట్టనీకి?"

అవేమిటో నాకు తెలుసు. సుద్ద నాదే.

"నాకేమెరుక భాయ్? టీచరమ్మ రాసింది. పోయి ఆమెనే అడుగున్రి" అన్నాను.

తడిగుడ్డతో తలుపులన్నీ నేనే తుడిచాను. జనం ఆమె గుమ్మం ముందు నానా మాటలన్నారు. సుద్ద ఎవరిచ్చారని అడిగితే ఆమె నా పేరు బయటపెట్టలేదు.

కర్ఫ్యూ పెట్టారు. రెండు గంటలు సడలించినప్పుడు ఆమే మా ఇంటికి వచ్చారు. నేను తలెత్తలేదు.

"కండ్లు మూసుకో బిడ్డా. గల్లీల నడువు. ‘కీ’ యాడుంటది?"

"తాళాల చాచా ఇంట్ల!"

"దర్వాజ మీద ఏమున్నది?"

నా బిడ్డ గాలిలో వేలితో రాసింది. బయట పోలీసు బూట్ల చప్పుడు. పరీక్షలోనూ అట్లాగే కళ్లు మూసుకుని మనసులోనే గల్లీ అంతా తిరిగిందట. పాసైంది.

ఆ తర్వాత ఆమెకు ఎన్ని జాకెట్లు కుట్టిచ్చానో! ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు. బిడ్డ ఉద్యోగం కబురుతో పాటు చెబుదామనుకున్నాను.

శుక్రవారం సమాధుల తోటకు ఆమె శవపెట్టె మోస్తుంటే తాళాల భాయ్ కూడా భుజం పట్టాడు. తిరిగొచ్చేటప్పుడు అతనికి చెప్పేశాను.

"భాయ్, గప్పటి సుద్ద నాదే."

"మాలూమ్ మాస్టర్. నీలి సుద్ద గల్లీల ఇంకెవరి తాన ఉంటది? నాల్గు దినాలకే సమజైంది. పోయి అడిగితే, ‘ఊకో భాయ్, మాస్టరే వచ్చి చెప్తడు’ అన్నది అమ్మ."

ఇంటికొచ్చేసరికి నా బిడ్డ మా తలుపు మీద, చిన్నపిల్లల చేయి అందేంత ఎత్తులో, నీలి సుద్దతో ఐ-ఈ రాస్తోంది. మరునాడు పొద్దున నా భార్య వాకిట్లో నీళ్లు చల్లబోతే చెంబు నేను అందుకున్నాను. తలుపుకు ఒక్క చుక్క తగలకుండా, వంగి, మెల్లగా చల్లాను.