గడ్డిపెట్టెలో వచ్చిన దగ్గు

అయినా మీరైతే ఏం చేసేవారు చెప్పండి? కనుమ నిండా మంచు. మొగుడు నెత్తురు దగ్గుతున్నాడు. రొప్పే మనిషిని ఆ చలిలో లారీ ఎక్కించలేం. ఆసుపత్రివాళ్ళేమో కనీసం కళ్ళె అయినా పంపమన్నారు. సీసా పగలకూడదు, లోపలిది గడ్డకట్టకూడదు. మా కొండల్లో మీగడ జాడీ అయినా, కోడిగుడ్లయినా ఎండుగడ్డిలో పొదిగే పంపుతాం. కాపరి పెళ్ళాం జూరాకన్ కూడా అదే చేసింది. చిన్న చెక్కపెట్టెలో గడ్డి కూరి, నడుమ సీసా పెట్టి, లారీ డ్రైవరు చేతికిచ్చింది.

దాన్ని అందుకున్నది మా బురుల్సున్ అక్క. వరసగా ఆడపిల్లలే పుట్టిన ఇంట్లో, ఇకనైనా కాన్పు మగపిల్లాడి వైపు తిరగాలని పెట్టే పేరది. తిరగలేదు. ఆమె తర్వాతా ఆడపిల్లలే. "నన్ను నమ్మి మా నాన్నే మోసపోయాడు, ఇంక మీరెంత?" అని అందరినీ నవ్విస్తుంది. నారిన్ నది ఒడ్డున మా ఆసుపత్రి ల్యాబులో ఆమె పరీక్షలు చేస్తుంది, నేను నేల తుడుస్తాను. టీ మాత్రం ఇద్దరిదీ ఒకే కెటిల్.

జూరాకన్ మొగుడు మంబెత్‌కుల్ గొర్రెల కాపరి. వెనకెప్పుడో క్షయ వచ్చి తగ్గింది. మొన్న శరత్కాలంలో తీసిన ఎక్స్‌రేలో, పాత మచ్చ ఉన్నచోట ఏదో నీడ కనబడింది. క్షయ తిరగబెట్టలేదని పరీక్షలో తేలింది. మరి ఆ నీడ ఏంటి? పాత క్షయ గుల్లలో బూజు పట్టడం మాకు కొత్త కాదు. బూజైతే మాత్రలతో లొంగుతుంది. కాదంటే, కంతేమోనని రాజధానికి పంపి ఛాతీ కోసి చూడాల్సిందే.

సరిగ్గా అప్పుడే మా ల్యాబులో రెండు బూజు పరీక్షల్ని పోల్చి చూస్తున్నారు. ఏది కొనాలో పైవాళ్ళకి తేల్చి చెప్పాలి. రెండూ బూజు జన్యువుల ఆనవాలునే వెతుకుతాయి. పాత కిట్టుకి కాస్త చెవుడు, ఆనవాలు దండిగా ఉంటేనే పలుకుతుంది. కొత్తదైతే లేశమున్నా కేకేస్తుంది. ఒకే కళ్ళెని రెండింట్లోనూ వేసి, ఏది ఏమంటుందో అక్క చూసేది. పక్కనే ఒక గొట్టంలో ఉత్త నీళ్ళు కూడా పోసేది. నీళ్ళు నోరు మెదపకూడదు. మెదిపాయంటే ఆ పూట పరీక్ష దండగ.

అంత దూరం నుంచి వచ్చినదాన్ని గడప బయట పెట్టడం మాకు చేతకాదు. అక్క ఆ పెట్టెను తిన్నగా పనిబల్ల మీదికే తెచ్చి, రెండు చేతులా గడ్డి లాగి సీసా తీసింది. సాయంత్రానికి కొత్త కిట్టు "బూజు, బూజు" అంది. పాతది కిక్కురుమనలేదు. కొత్త కిట్టులో నీళ్ళు కూడా బూజన్నాయి.

డాక్టర్ ఎర్మెక్ చూసి నవ్వాడు. "అక్కా, నీళ్ళకీ జబ్బు చేసినట్టుందే. మాత్రలు రాయనా?"

"ముందు నాకు రాయి నాయనా. బల్ల మీద గడ్డి పరిచింది నేనే కదా."

"పోనీ పాతదాని మాట విందామా? బూజు లేదంటోందిగా."

"అది చెవిటిది. కొంచెం ఉంటే దానికేం వినబడుతుంది? దాన్ని నమ్మి ఆ మనిషిని కోయిస్తావా?"

ఎర్మెక్ నవ్వు ఆగిపోయింది. ఆ పెట్టెకి మూతేసి బల్ల మీంచి దించాడు. "సరే, ఎండుగడ్డిలోనూ ఈ బూజే ఉంటుంది, ముందు దాని సంగతి తేల్చుదాం. మరిగించిన నీళ్ళు కొత్త సీసాలో పోసి, ఇదే గడ్డిలో పెట్టు. వేరే గదిలో తెరువు. అంతవరకూ రాజధానికి నేనేమీ రాయను."

అలాగే చేశారు. గడ్డిలో పడుకుని లేచిన ఉత్త నీళ్ళని చూసి కొత్త కిట్టు మళ్ళీ కేకేసింది. ఇంకేముంది, గడ్డి పొయ్యిలోకి పోయింది. బల్లలూ గోడలూ బ్లీచింగు నీళ్ళతో తోమీ తోమీ నా చేతులు తోలూడాయి. ఆ తర్వాత మళ్ళీ చూస్తే నీళ్ళు రెండింట్లోనూ బుద్ధిగా ఉన్నాయి.

అక్క జూరాకన్‌కి ఫోన్ చేసింది. "కళ్ళె వద్దు వదినా, మనిషినే తీసుకురా."

"ఏం, మా గడ్డి బాలేదా? గొర్రెలు లొట్టలేసుకుని తింటాయే!"

"గొర్రెలకి బాగానే ఉంటుందిలే. మా యంత్రం తిని వాంతి చేసుకుంది."

"నా గడ్డి వల్ల ఆయన్ని కోసేస్తారా ఏంటి?"

"నీ వల్లా కోయరు, నా వల్లా కోయనివ్వను. కనుమలో మంచు కరగగానే బయల్దేరండి."

మంచు కరిగింది. మంబెత్‌కుల్ తెల్ల టోపీ ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు. ఎర్మెక్ సన్నటి గొట్టం లోపలికి దింపి, నీడ ఉన్నచోట ఊపిరితిత్తి కడిగి, ఆ నీళ్ళు అక్కకిచ్చాడు. జూరాకన్ నా బకెట్టు పక్కనే కూలబడి రొట్టె తుంచుతోంది, తినడం మాత్రం లేదు.

అక్క పరుగున వచ్చింది. "నీళ్ళు నోరు మూసుకున్నాయి! మీ ఆయనది రెండింట్లోనూ పలికింది. చెవిటిది కూడా గట్టిగా పలికింది!"

"అంటే బూజేనా? నవ్వాలా, ఏడవాలా నేను?"

"ఇవాళ్టికి నవ్వు వదినా. కత్తి లేదు, మాత్రలే."

"మరి నా గొర్రెలో?" అన్నాడు మంబెత్‌కుల్.

"గొర్రెల్ని కాసుకో బావా, ఎవరొద్దన్నారు? గడ్డివాములో దూరావంటే మాత్రం నేనే కోస్తా."

వేసవికి అతను మందతో కొండ మీది పచ్చికకి వెళ్ళిపోయాడు. మాత్రలు ఇంకా మింగుతున్నాడు, నెత్తురు మాత్రం పడటం లేదట. అక్క పైవాళ్ళకి ఉన్నదున్నట్టు రాసింది: పాతది కొందరిని వదిలేస్తుంది, కొత్తది పట్టుకుంటుంది, కానీ గది శుభ్రంగా లేకపోతే నీళ్ళనీ పట్టుకుంటుంది. అది చదివి, మిగతా ల్యాబులవాళ్ళకి కూడా నేర్పమని ఆమెను రాజధానికి రమ్మన్నారు.

ఆ చెక్కపెట్టె మా దగ్గరే ఉండిపోయింది. ఒకరి గిన్నెనైనా పెట్టెనైనా మేము ఖాళీగా తిప్పి పంపం. అక్క దాన్ని కడిగి ఎండబెట్టింది. గడ్డి బదులు స్పాంజి వేసి, మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలు అడుగున పేర్చింది, కొండ మీద ఇంకెవరు దగ్గినా పనికొస్తాయని. పైన ఆదివారం బొర్సోక్ పిండిబిళ్ళలు నూనెలో వేయించి నింపాలనుకుంది. రాజధాని బండి శనివారమే వచ్చి అక్కను తీసుకెళ్ళిపోయింది.

పెట్టె కిటికీ పక్కనుంది, పైసగం ఖాళీ. బొర్సోక్ నాకూ వచ్చు. కానీ అక్క తన చేత్తోనే వేయించి పంపుతానని జూరాకన్‌కి మాటిచ్చింది మరి. లారీ డ్రైవరు నిన్న కూడా హారన్ కొట్టి, పెట్టె సిద్ధమేనా అని అడిగి వెళ్ళాడు.